కడుపునొప్పి సార్

ఆళ్ళగడ్డలో నా జిరాక్స్ అంగడి ముందు రేకుల పంచ కింద ఒక చెక్కబల్ల, ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేవి. ఆ కుర్చీలో సుందరరాజు సార్ పంతొమ్మిదేళ్ళు కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టాడు. ముందర అందరూ సార్ అనేవాళ్ళు. వెనక్కి తిరిగితే కడుపునొప్పి సార్ అనేవాళ్ళు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆయన సంగతి మొత్తం చెప్పాలి. చెబుతాను. మెత్తగా చెప్పమని మాత్రం అడగొద్దు, అది నాకు చేతకాదు.

ఆయనది నంద్యాల. క్రైస్తవుల కుటుంబం. తండ్రి చర్చిలో గంట కొట్టేవాడు, తల్లి ఆసుపత్రిలో ఆయా. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ఈయనే. చదువు కాగానే ఒక బడిలో తాత్కాలికం కింద టీచరు పని దొరికింది. పదకొండేళ్ళు తెలుగు చెప్పాడు. ఆయనకు ప్రాణమైన పాఠం ఒకటే, కార్యకారణాలు. బోర్డుకు ఎడమపక్క 'దీపం ఆరిపోయింది' అని, కుడిపక్క 'నూనె అయిపోయింది' అని రాసి, ఏది దేనివల్ల జరిగిందో చెప్పమనేవాడట. ఒకసారి 'అందువల్ల' పెట్టి కలపమనేవాడు, ఇంకోసారి 'ఎందుకంటే' పెట్టి తిప్పి రాయమనేవాడు. ఏది ముందో, ఏది వెనకో తెలిసినవాడే మనిషి, తెలియనివాడు గొడ్డు అని పిల్లలకు చెప్పేవాడు. నాకూ ఆ మాట వందసార్లు చెప్పి ఉంటాడు.

పన్నెండో ఏడు ఉద్యోగం పర్మనెంటు అవుతుందని కాచుకుని ఉంటే, బడివాళ్ళు ఒక కాగితం చేతిలో పెట్టారు. పరిపాలనా కారణాల వల్ల మీ సేవలు ఇక అవసరం లేదని అందులో ఉంది. ఏం కారణాలని అడుగుతూ ఆరు నెలలు తిరిగాడు. ఎవరూ చెప్పలేదు. ఇంకొకడైతే ఆ కాగితం చించిపారేసి ఏడ్చేవాడు. ఈయన దాని నుంచి విద్య నేర్చుకున్నాడు. ఏమీ చెప్పని కారణాన్ని ఎవడూ కాదనలేడని ఆయనకు అప్పుడు తెలిసింది. తనను కొట్టిన కట్టెతోనే తర్వాత ఊరినంతా కొట్టాడు.

భార్య కృపావతికి ఆళ్ళగడ్డలో ఒక బట్టల అంగడిలో పని దొరికితే ఇద్దరూ ఇక్కడికి వచ్చేశారు. పోలీసు స్టేషనుకు పోయేవాళ్ళు, తాలూకాఫీసుకు పోయేవాళ్ళు నా అంగడి ముందే నడవాలి. ఆయన వచ్చి పంచ కింద చోటు అడిగాడు. జిరాక్సులకు గిరాకీ పెరుగుతుందని నేనూ సరేనన్నాను. ముత్యాల్లాంటి అక్షరాలు. జేబులో రెండు పెన్నులుండేవి, రాయడానికి నల్లది, దిద్దడానికి ఎర్రది. బడి పోయినా ఎర్రపెన్ను పోలేదు. నా అంగడి బోర్డులో కూడా ఒక తప్పు దిద్దిపెట్టాడు.

మా వైపు ఎవరన్నా పురుగుల మందు తాగితే ఆసుపత్రివాళ్ళు స్టేషనుకు చెబుతారు. అప్పుడు ఇంటివాళ్ళు ఒక కాగితం ఇచ్చుకోవాలి. ఎందుకు తాగినారో అందులో ఉండాలి. ఆ ఎందుకు అనేదే ఎవరికీ నోట రాదు. మరిది మీద చెయ్యి వేసి ఉంటాడు, నాయన నలుగురిలో చెప్పుతో కొట్టి ఉంటాడు, కూతురు వేరే కులపు పిల్లవాడితో మాట్లాడి ఉంటుంది. ఇంటివాళ్ళు వచ్చి సార్ ముందర కూలబడి, గంటసేపు ఏడ్చి, ఉన్నదంతా చెప్పేవాళ్ళు. ఆయన అంతా వినేవాడు. విన్నాక కుర్చీలో వెనక్కి వాలి, మనిషి ఎప్పుడన్నా కడుపునొప్పి అనేదా అని అడిగేవాడు.

కడుపునొప్పి అనని మనిషి భూమ్మీద ఎవరు? వాళ్ళు అనేదని తల ఊపేవాళ్ళు. ఇక నల్లపెన్ను పరుగెత్తేది. గత రెండు సంవత్సరాలుగా కడుపునొప్పితో బాధపడుతూ, ఎన్ని మందులు వాడినా నయం కాక, నొప్పి తాళలేక, జీవితంపై విరక్తి చెంది. అంతే. మరిది పోయాడు, చెప్పు పోయింది, పిల్లవాడు పోయాడు. ఇంటివాళ్ళు కళ్ళు తుడుచుకుని లేచేవాళ్ళు. చచ్చినవాళ్ళు లేచివచ్చి నాకు నొప్పి లేదని చెప్పరు కదా.

ఇదేం పని సార్ అని ఒకసారి అడిగాను. ఆయన నన్ను మూడో తరగతి పిల్లను చూసినట్టు చూసి, కారణానికీ ఫలితానికీ తూకం కుదరాలని చెప్పాడు. చావు చాలా బరువైనది, దాని ఎదురుగా చిన్న కారణం పెడితే తక్కెడ ఎగిరిపోతుంది, చదివినవాడు నవ్వుతాడు. పెద్ద కారణం పెడితే కేసవుతుంది. అందుకని అందరికీ తెలిసినదీ, ఎవరినీ అననిదీ పెట్టాలి. నేను సరే సరే అంటూ ఆ కాగితానికి మూడు కాపీలు తీసి ఇచ్చాను. తిలాపాపం తలా పిడికెడు అంటారే, నా పిడికెడు ఎప్పుడూ నా చేతిలోనే ఉంది.

అమృత మొదట నా దగ్గరికే వచ్చింది, సార్ దగ్గరికి కాదు. ఇది నాలుగేళ్ళ కిందటి మాట. ఇరవై ఆరేళ్ళ పిల్ల, చంకలో ఏడాది బిడ్డ, పక్కన నాలుగేళ్ళ కూతురు. ఆళ్ళగడ్డకు దగ్గరలోనే ఒక పల్లెలో రామయ్య అనే రైతుకు కోడలు. పాతకాపులు, భూమి ఉంది, బర్రెలు ఉన్నాయి. ఆ పల్లెలో అంగన్‌వాడీ టీచరు పోస్టు పడింది. పది పాసైన ఆ ఊరి కోడలే అయి ఉండాలన్నారు. ఊరంతా వెతికితే ఆ లెక్కలోకి వచ్చేది అమృత ఒక్కతే. పదో తరగతి సర్టిఫికెట్ తెచ్చి నకళ్ళు తీయించి, అసలు దానికి లామినేషన్ చేయించుకుంది. పని జరిగేంతసేపు మిషన్ పక్కనే నిలబడింది. వేడివేడిగా బయటికి వస్తే రెండు చేతులతో పట్టుకుని, ఇంక ఇది తడిసినా ఏం కాదు కదక్కా అని అడిగింది. ఏం కాదన్నాను.

మూడో రోజుకు వాళ్ళ అత్త ఆదిలక్ష్మమ్మ దాన్ని, నకళ్ళతో సహా, నీళ్ళపొయ్యిలో వేసింది. కోడలు పోయి ఊరి పిల్లల ముడ్డి కడుగుతూ కూర్చుంటే బర్రెల దగ్గర ఎవరుంటారని ఆమె బాధ. అమృత పెరట్లోకి వచ్చేసరికి ప్లాస్టిక్ కాలిన కంపు కొడుతోందట. ఆ కంపుతోనే తెలిసిందట ఏం కాలిందో. భర్త హరీష్‌తో చెబితే, పోనీలే, నువ్వు పోయి ఉద్యోగం చేస్తే నా తలకాయ యాడ పెట్టుకోవాల అన్నాడట. దరఖాస్తుకు ఇంకా నాలుగు రోజులే గడువుంది. ఆ సాయంత్రం పిల్లలకు అన్నం పెట్టి, కొట్టంలో ఉన్న, మిరపకు కొట్టే పురుగుల మందు తాగింది.

బతికింది. అది ఆమె అదృష్టమని అప్పుడు అందరం అనుకున్నాం.

మరుసటి రోజు పొద్దున రామయ్య వచ్చి సార్ ముందర కూర్చున్నాడు. ఆ మనిషి ఒక్క అబద్ధం ఆడలేదు. సర్టిఫికెట్, పొయ్యి, కొడుకు అన్న మాట, అన్నీ వరసగా చెప్పాడు. సార్ పెన్ను మూత తీయనైనా తీయలేదు.

"కాగితం కాలిందని మందు తాగిందని రాస్తే ఎవురు నమ్ముతారప్పా? నమ్మినారే అనుకో, కాల్చిందెవురంటే నీ భార్య పేరు రాయాల. రాయమంటావా?"

రామయ్య వద్దని చేతులు అడ్డం ఊపాడు. ఆ తర్వాత రావలసిన ప్రశ్న వచ్చింది. ఆడోళ్ళకు నెలనెలా ఉండేదే గదా సారూ అన్నాడు రామయ్య. ఆ ముక్క చాలు. నేను లోపల నుంచి వింటూనే ఉన్నాను. మూడు రోజుల కిందట ఆ సర్టిఫికెట్‌ను మిషన్‌లో పెట్టింది నా చేతులే. నేను బయటికి వచ్చి ఒక్క మాట అని ఉండొచ్చు. పేజీకి ఇంత అని లెక్క చూసుకుని కాపీలు తీశాను.

నంద్యాల ఆసుపత్రిలో గొంతులో గొట్టం వేసి ఉన్న అమృత ముందర ఆ కాగితం పెట్టారు. ఆమె చదివింది. చదవడం వచ్చు కదా. కాదని తల అడ్డంగా ఊపింది. హరీష్ ఆమె వేళ్ళ మధ్య పెన్ను పెట్టి, సంతకం పెడితే ఇంటికి పోదాం, చంటోడు పాలకు ఏడుస్తాండాడు అన్నాడు. పెట్టింది.

అంతటితో అయిపోయి ఉంటే ఈ కథ చెప్పేదాన్ని కాదు. రెండేళ్ళ నొప్పి అని రాశారు కదా, చూపించుకున్న డాక్టరు చీటీలు ఉంటే ఫైలులో పెట్టమని స్టేషనువాళ్ళు అడిగారు. ఒక్క చీటీ లేదు. రామయ్య మళ్ళీ సార్ దగ్గరికి పరుగెత్తాడు. సార్ తేలిగ్గా చెప్పాడు, యాడన్నా ఒకసారి చూపించి ఒక చీటీ రాయించుకోండప్పా, సరిపోతాది అని. ఆ సలహాకు ఆయన ఒక్క పైసా తీసుకోలేదు. ఉచితంగా ఇచ్చిన ఆ మాటే ఆమెను కోసింది.

నంద్యాలలో ఒక చిన్న నర్సింగ్ హోముకు తీసుకుపోయారు. డాక్టరు ఏం బాధ అని అడిగితే, గొంతు కాలి మాట సరిగ్గా రాని అమృత నాకేం బాధ లేదంది. ఆదిలక్ష్మమ్మ అడ్డం వచ్చి, సూదులకు భయపడి దాస్తుంది సారూ, కాగితం చూడండి అని సార్ రాసిన కాగితం చూపించింది. రెండేళ్ళ నొప్పి, మందులకు తగ్గలేదు, చావబోయింది. అంత నొప్పి అని రాసి ఉంటే ఏ డాక్టరు చీటీ రాసి పంపుతాడు? స్కానింగ్ తీశారు, ఏదో కనపడిందన్నారు. పిల్లలు ఇద్దరున్నారు, కుటుంబ నియంత్రణ అయిపోయింది, ఇంక గర్భసంచితో పనేముంది, తీసేస్తే పీడ పోతుందన్నారు. తీసేశారు. ఇరవై ఆరేళ్ళకు.

ఆ పీడ పోలేదు సరిగదా అప్పుడే మొదలైంది. నడుము నొప్పి, కాళ్ళ గుంజు, ఒళ్ళంతా మంటలు పుట్టి చెమటలు. బకెట్టు ఎత్తలేదు, గడ్డిమోపు ఎత్తలేదు. ఏ బర్రెల కోసం సర్టిఫికెట్ కాల్చారో ఆ బర్రెల దగ్గరికే పోలేకపోయింది. ఆదిలక్ష్మమ్మ మాత్రం గెలిచింది. మా కోడలు రోగిష్టిదని నేను ముందే చెప్పలేదా అని ఊరంతా చెప్పుకుంది. మొదట చెప్పిన అబద్ధానికి తర్వాత వచ్చిన నొప్పి సాక్ష్యం పలికింది. ఇలా కార్యం పోయి కారణానికి కాపలా కాయడం నేను ఇంకెక్కడా చూడలేదు.

మూడేళ్ళు భరించారు. ఆ తర్వాత హరీష్ ఆమెను బనగానపల్లె దగ్గర పుట్టింట్లో, వాళ్ళమ్మ వెంకటమ్మ దగ్గర, నెలరోజుల విశ్రాంతికని దింపి వచ్చాడు. పిల్లలకు బడి ఉందని ఇక్కడే ఉంచుకున్నాడు. నెల ఏడాది అయింది. పిల్లలను చూస్తానని వస్తే, మంచంలో పడుండే మనిషివి, పిల్లోళ్ళను యాడ సాకుతావు అని గేటు దగ్గర నుంచే పంపేవాళ్ళు. అమృత పిల్లలను ఇప్పించమని నంద్యాల కోర్టులో అర్జీ పెట్టింది. ముందు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడతామని తారీఖు ఇచ్చారు. హరీష్ వాళ్ళు జవాబు ఇచ్చారు. ఆమె దీర్ఘరోగి, నొప్పి తాళలేక ఒకసారి మందు తాగింది, మళ్ళీ తాగదని నమ్మకం లేదు, పిల్లలను ఆమె చేతిలో పెట్టలేము. రుజువులుగా సార్ రాసిన కాగితం, ఆపరేషన్ కాగితం జతచేశారు. వాటి జిరాక్సులు నా అంగడిలోనే తీసుకుపోయారని ఆ తర్వాత గుర్తొచ్చింది.

తారీఖుకు వారం ముందు అమృత వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. మొహం ఉబ్బి, నలభై ఏళ్ళ మనిషిలా ఉంది. నోటుబుక్కులో చించిన కాగితం సార్ బల్ల మీద పెట్టింది. రెండు వైపులా తనే రాసుకొచ్చింది. సర్టిఫికెట్ కాల్చినారు, అందువల్ల మందు తాగినాను. నేను నోరు మెదపలేని దాన్ని అయినాను, అందువల్ల కడుపునొప్పి అని రాసినారు. కడుపునొప్పి అని రాసినారు, అందువల్ల సంచి తీసినారు. సంచి తీసినారు, అందువల్ల రోగిష్టిదాన్ని అయినాను. రోగిష్టిదాన్ని అయినాను, అందువల్ల నా పిల్లలు నాకు లేరు.

సార్ దాన్ని మొత్తం చదివాడు. చదువుతూ ఎర్రపెన్ను తీశాడు. ఒక చోట వత్తు పెట్టాడు, ఒక చోట దీర్ఘం తీశాడు. ఆ చెయ్యి విరగ్గొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. చివరికి వచ్చాక క్రమం ఎక్కడా తప్పలేదమ్మా, బాగా రాసినావు అన్నాడు. ఆయన మెచ్చుకోలు నిజమైనదే, అదే ఘోరం.

ఆమె ఒక్కటే అడిగింది. కడుపునొప్పి అన్నది తాను పెట్టిన మాట అని, ఆ పిల్ల చెప్పలేదని, సార్ ఒక కాగితం రాసి సంతకం పెట్టాలి. అది చూపిస్తే పిల్లలు వస్తారు. సార్ బల్ల మీద చెక్కపొట్టు గోటితో గీకాడు.

"నేను రాసింది తప్పని నేనే రాస్తే, ఈ పంతొమ్మిదేండ్లలో రాసినవన్నీ ఏమైతాయమ్మా?"

"అవన్నీ సచ్చిపోయినోళ్ళవి సార్. నేను బతికే ఉండా."

సార్ పెన్నులు రెండూ జేబులో పెట్టుకున్నాడు. చర్చి అయ్యగారిని అడిగి చెబుతాననీ, తారీఖు ఇంకా ఉంది కదా అనీ నసిగాడు. నేను అంగడిలో నుంచి బయటికి వచ్చాను. ఇప్పుడు రాయకపోతే రేపు పొద్దున ఈ బల్ల ఇక్కడ ఉండదని చెప్పాను. అరవై ఒక్కేళ్ళ మనిషి. ఆ దారి పొడుగునా వేరే నీడ లేదు. నావైపు చూసి, నేను ఉత్తమాట అనలేదని తెలుసుకుని, నల్లపెన్ను తీశాడు.

అరగంటలో రాశాడు. రామయ్య ఏం చెప్పాడో, తాను ఏం అడిగాడో, ఏం దాచి ఏం పెట్టాడో, చీటీ తెచ్చుకోమని సలహా ఇచ్చింది ఎవరో, అంతా ఒక్క పేజీలో. కింద పూర్తి పేరు, తండ్రి పేరు, చిరునామా. ఆయన చేతిలో నుంచి అంత మంచి కాగితం అంతకుముందు రాలేదు. నేను దుడ్లు తీసుకోకుండా ఐదు కాపీలు తీశాను. ఏదో పెద్ద న్యాయం చేసినట్టు ఆ పూటంతా నా కాలు నేల మీద నిలవలేదు. నాకంటే వెర్రిది ఆ రోజు ఆళ్ళగడ్డలో ఇంకొకతె ఉండి ఉండదు.

సోమవారం పొద్దున బస్సుకు ముగ్గురం నంద్యాల పోయాం. సార్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అమృత దారంతా ఒక కవరు పట్టుకుని కూర్చుంది. అందులో పాపకు గాజులు, బాబుకు ఒక బొమ్మ ట్రాక్టరు ఉన్నాయి.

రాజీ మాట్లాడే గదిలో ఒక పెద్దామె అధికారి. మంచిమనిషి, ఆ మాట చెప్పకపోతే పాపం. ఎదురు బెంచీ మీద హరీష్, ఆదిలక్ష్మమ్మ, వాళ్ళ లాయరు మనోజ్. బాబు తండ్రి భుజం మీద నిద్రపోతున్నాడు. పాప అవ్వ కొంగు పట్టుకుని నిలబడింది. ఎనిమిదేళ్ళు వచ్చాయి, పేరు మహాలక్ష్మి. నూనె పెట్టి రెండు జడలు వేశారు. అమృత కవరు ఎత్తి చూపించింది. ఆ పిల్ల చూసి, చూపు తిప్పుకుంది.

అధికారి సార్ కాగితాన్ని రెండుసార్లు చదివింది. అంటే ఈ అమ్మాయికి మొదట్లో రోగమే లేదా అని అడిగింది. సార్ లేచి, తరగతిలో నిలబడ్డట్టు నిలబడి, లేదు మేడం, అది నేను పెట్టిన మాట, తప్పు నాది అన్నాడు. ఆమె మొహం కాస్త తెరిపిన పడింది. నాకు పిల్లలు వచ్చేసినట్టే అనిపించింది.

అప్పుడు మనోజ్ ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. కుర్రవాడు, గొంతు కూడా పెంచలేదు. అయితే ఈమెకు ఏ నొప్పీ లేదు, ఏ రోగమూ లేదు, అంతేనా అన్నాడు. అంతేనన్నాం. ఒంట్లో ఏ బాధా లేకుండా, ఇంట్లో నాలుగేళ్ళ పాప, ఏడాది బాబు ఉండగా, అర్జీ పెడితే మళ్ళీ వచ్చే ఒక సర్టిఫికెట్ కోసం మందు తాగింది, అంతేనా అన్నాడు.  అమృత, అది ఉత్త కాగితం కాదు మేడం అని మొదలుపెట్టింది. మనోజ్ మధ్యలోనే అందుకున్నాడు. 

"నొప్పికి తాగిన మనిషయితే, నొప్పి పోయినాక తాగదని అనుకోవచ్చు మేడం. ఇంత చిన్నదానికి తాగిన మనిషి రేపు దేనికి తాగదు?"

సార్ మెల్లగా కూర్చుండిపోయాడు. ఆయన మొహం నేను చూడలేకపోయాను. తూకం కుదరదని పంతొమ్మిదేళ్ళు చెప్పినవాడు ఆయన. కుదరదని తెలిసి కూడా రాసింది నా బెదిరింపుకు. నీడ ఇచ్చేదాన్ని అనే పొగరుతో ఆ పిల్లకు ఉన్న ఒక్క ఆసరా, రోగం మీద జాలి, నేనే ఊడబెరికాను. నిజం చెబితే మేలు జరుగుతుందని నాకు ఎవరు చెప్పారో వాళ్ళ నోరు పడిపోను.

అధికారి అయినా తేల్చలేదు. పాపను అడుగుతానని దగ్గరికి పిలిచింది. ఆ పిల్ల మాట మీదే వదిలేసిందని అందరికీ అర్థమైంది. అమ్మతో పోతావా తల్లీ అని అడిగింది. పాప పోనంది. ఎందుకని అడిగితే, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది.

"నేను పుట్టినందుకే అమ్మకు కడుపునొప్పి వచ్చిందంట. కడుపులో ఉన్నప్పుడు బాగా తన్నినానంట. నేను అమ్మ కాడ ఉంటే మళ్ళా వస్తాదంట. వస్తే అమ్మ మందు తాగి సచ్చిపోతాది. అవ్వ చెప్పింది."

ఆదిలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది. సార్ ఉన్నచోటు నుంచి లేచి, అది తప్పు పాపా, అమ్మకు నొప్పి లేనే లేదు, ఎప్పుడూ లేదు, నా మాట విను అన్నాడు. పాప ఆయన్ను చూడలేదు. తల్లిని చూసింది.

"నొప్పి లేకపోతే మమ్మల్ని ఇడిసిపెట్టి ఎందుకు సచ్చిపోవాలనుకున్యావ్ మా?"

 మనోజ్ కూడా తల దించుకున్నాడు. అమృత దగ్గర రెండే జవాబులున్నాయి. సర్టిఫికెట్ కోసమని చెబితే, ఒక కాగితం ముందర నేను ఏపాటి అని ఆ పిల్ల బతుకంతా అడుగుతుంది. ఊరుకుంటే, తన వల్లే తల్లికి ఇదంతా జరిగిందని బతుకంతా మోస్తుంది. అమృత బెంచీ మీద నుంచి దిగి నేల మీద కూర్చుంది, పాప ఎత్తుకు వచ్చేటట్టు.

"నొప్పి ఉన్యాది పాపా. శానా నొప్పి. నీవల్ల కాదు. నువ్వు పుట్టకముందు నుంచే ఉన్యాది."

సార్ కుర్చీ పక్కకు జరిపి ముందుకు వచ్చాడు. అబద్ధం మేడం, రాసుకోవద్దు మేడం అన్నాడు.  అమృత తల తిప్పి ఆయన వైపు చూసింది.

"మీరు మొదట రాసిందే నిజం సార్. కూచోండి."

పాప పుట్టకముందు అన్నదాన్ని పెళ్ళికి ముందుకు జరిపి, అప్పటి నుంచే నొప్పి ఉందని ఒప్పుకున్నట్టు రాయమని మనోజ్ అధికారిని అడిగాడు. ఆమె అమృతను చూసి, ఇదే నీ మాటా, ఆలోచించుకో అని రెండుసార్లు అడిగింది. ఇదే అని అమృత రెండుసార్లూ చెప్పింది. అధికారి రాసుకుంది. పిల్లలు తండ్రి దగ్గరే ఉండేటట్టు, తల్లి నెలకొక ఆదివారం వచ్చి చూసేటట్టు రాసి చదివి వినిపించింది. అమృత చక్కటి అక్షరాలతో సంతకం చేసింది. ఈసారి ఎవరూ ఆమె వేళ్ళ మధ్య పెన్ను పెట్టవలసిన పని లేకపోయింది.

పాప మొహం తేటపడింది. నావల్ల కాదంట అని అవ్వకు చెప్పి, గాజుల కవరు తీసుకుని, అవ్వ చెయ్యి పట్టుకుని గంతులు వేస్తూ బయటికి పోయింది.